రోడ్డు గీత ఆయుష్షు బస్తాలో రాదు

రోడ్డు మీద గీతల గురించి ఎవరితో మాట్లాడినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: ఈ పెయింట్ ఎన్నేళ్లుంటుంది? టెండరు రాసేవాళ్లు అదే అడుగుతారు, అమ్మేవాళ్లు దానికే జవాబు చెబుతారు, కొత్త మెటీరియల్ గురించి వార్త వచ్చినా శీర్షికలో ఆ అంకే ఉంటుంది. రోడ్డు పనుల దగ్గర కొంతకాలం తిరిగినవాడిగా, రాత్రిపూట ఎక్కువ దూరాలు బండి నడిపేవాడిగా నాకు ఈ ప్రశ్న మీదే అభ్యంతరం ఉంది. గీత "ఉండటం" అంటే ఏమిటి? పగలు తెల్లగా కనబడటమా, లేక వాన పడుతున్న రాత్రి హెడ్‌లైట్ వెలుగులో కనబడటమా? అదలా ఉంచండి, ఒకే బస్తాలోంచి తీసిన ఒకే సరుకు ఒకచోట ఐదేళ్లు నిలిచి, ఇంకోచోట మొదటి వానలకే పెచ్చులుగా లేచిపోతున్నప్పుడు, ఆ ఆయుష్షు సరుకుదని ఎలా చెప్పగలం?

ఈ గీతల చరిత్ర వందేళ్లు దాటింది. అందులో పెద్ద ముందడుగులు ఏవేవో చూస్తే, గట్టి పెయింట్ దొరకడం వల్ల వచ్చినవి తక్కువ. వెలుగును వెనక్కి పంపడం ఎలాగో, త్వరగా ఆరబెట్టడం ఎలాగో, రోడ్డుకు సరిగ్గా అతికించడం ఎలాగో నేర్చుకోవడం వల్ల వచ్చినవే ఎక్కువ. అంటే గీత ఎంతకాలం బతుకుతుందన్నది చాలావరకు అది రోడ్డును తాకిన ఆ కొన్ని సెకన్లలోనే తేలిపోతుంది. మనం మాత్రం డబ్బూ దృష్టీ రెండూ సరుకు మీదే పెడుతున్నాం. నా గోడు అంతా ఇదే.

మొదట్లో కథ చాలా సాదాసీదాగా ఉండేది. 1911లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, వేన్ కౌంటీ రోడ్ల కమిషన్‌లో ఉన్న ఎడ్వర్డ్ హైన్స్ ట్రెంటన్ దగ్గర రివర్ రోడ్డు మధ్యలో తెల్ల గీత వేయించాడు. పాలబండి కారుతూ పోయిన చార చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెబుతారు. 1917లో కాలిఫోర్నియాలో జూన్ మెక్‌కారోల్ అనే డాక్టరమ్మ కారును ఎదురుగా వచ్చిన లారీ ఒకటి రోడ్డు దింపేసింది. ఆ తర్వాత ఆవిడ ఇండియో ఊరి దగ్గర తన చేత్తోనే రోడ్డు మధ్యన తెల్ల గీత గీసింది. మహిళా సంఘాలతో కలిసి ఏళ్లతరబడి వెంటపడితే 1924లో ఆ రాష్ట్రం ఈ పద్ధతిని అధికారికంగా తీసుకుంది. బ్రష్షు, పెయింట్ డబ్బా, ఓపిక, అంతే సరంజామా. ఆరడానికి గంటలు పట్టేది, ఆరేలోపు ఎవరైనా తొక్కితే ఆ మరక రోడ్డంతా పాకేది.

ఆ పెయింట్ ఎక్కువకాలం నిలవకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. రోడ్డు మీద గీతకు ఎండా వానా ఒక్కటే కష్టం కాదు. టైరు తిరుగుతూ దాన్ని పక్కకు లాగుతుంది, టైరుకీ గీతకీ మధ్య ఇసుక చేరి గరుకు కాగితంలా పనిచేస్తుంది, బ్రేకు వేసినచోట, మలుపు తిరిగేచోట ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కింద తారు వేడికి వ్యాకోచిస్తుంది, చలికి ముడుచుకుంటుంది. ఇవన్నీ తట్టుకున్నా, చీకటి పడగానే మామూలు పెయింట్ దాదాపు మాయమైపోతుంది. హెడ్‌లైట్ వెలుగు చాలా ఏటవాలుగా వెళ్లి గీతకు తగులుతుంది, దానిలో ఎక్కువ భాగం ముందుకే జారిపోతుంది, డ్రైవరు కంటికి తిరిగొచ్చేది అతి కొంచెం.

దీనికి దొరికిన జవాబు గాజు పూసలు. మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే మలుపు ఇదే, అందుకే కాస్త ఆగి చెబుతాను. ఒక్కో పూస మిల్లీమీటరులో పదో వంతు నుంచి దాదాపు ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. హెడ్‌లైట్ కిరణం పూస ముందు భాగంలోంచి లోపలికి వెళ్లి వంగుతుంది, పూస వెనక అంచు దగ్గర చేరి అక్కడున్న తెల్ల పెయింట్‌కు తగిలి, మళ్లీ పూసలోంచే వంగి దాదాపు వచ్చిన దారినే వెనక్కి వెళ్తుంది. దారినే వెనక్కి అంటే హెడ్‌లైట్ వైపు, అంటే దానికి కాస్త పైనున్న డ్రైవరు కంటి వైపు. గీత తనంతట తాను వెలగదు, మన వెలుగును మనకే తిరిగిస్తుంది.

ఈ ఏర్పాటు పనిచేయాలంటే పూస సరైన లోతులో కూర్చోవాలి. సగానికి కాస్త ఎక్కువ, అంటే 50 నుంచి 60 శాతం దాకా పెయింట్‌లో మునగాలి. మరీ మునిగితే వెలుగు లోపలికి వెళ్లడానికి కిటికీ ఉండదు. పైపైనే కూర్చుంటే కొన్ని వారాల్లో టైర్లు దాన్ని పీకేస్తాయి, అక్కడ ఒక చిన్న గుంట మిగులుతుంది, ఆ గుంటలో మురికి చేరుతుంది. పెయింట్ పొర తడిగా ఉన్నప్పుడు అర మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి పొర మందం కొంచెం తగ్గినా, పూసల సైజు కొంచెం మారినా లెక్కంతా తప్పుతుంది. గాలి బలంగా వీస్తే పూసలు గీత బయట పడతాయి. అన్నిటికంటే చిత్రమైన సమస్య పూస దొర్లడం. గీతలు వేసే లారీ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నా సెకనుకు నాలుగు మీటర్లు దాటుతున్నట్టే కదా, పూస కూడా అదే వేగంతో ముందుకు విసిరినట్టు పడితే తడి పెయింట్ మీద దొర్లుతుంది, దొర్లిన పూస ఒళ్లంతా పెయింట్ పూసుకుంటుంది, ఇక దానికి కన్ను ఉండదు. అందుకే మంచి యంత్రాల్లో పూసలు చిమ్మే గన్‌ను వెనక్కి వాల్చి పెడతారు, బండి ముందుకు పోయే వేగం, పూస వెనక్కి వచ్చే వేగం ఒకదాన్నొకటి రద్దు చేసుకుని పూస నిలువుగా దిగేలా చూస్తారు.

ఇప్పుడు చెప్పండి, వీటిలో ఏ ఒక్కటైనా బస్తా మీద రాసి ఉంటుందా? గన్ కోణం, లారీ వేగం, ఆ రోజు గాలి, పొర మందం, అన్నీ అక్కడ పనిచేసే మనుషుల చేతుల్లో ఉన్నవే. పగలు చూస్తే బాగా వేసిన గీతా చెడగొట్టిన గీతా ఒకేలా తెల్లగా ఉంటాయి. బిల్లు పాసవుతుంది. రాత్రి తేడా చూసేవాడికి ఫిర్యాదు ఎవరికి చేయాలో కూడా తెలియదు.

పగలే కనిపెట్టే ఒక చిట్కా ఉంది, ఈ పని తెలిసినవాళ్లు వాడతారు. ఎండ మన వీపు మీద పడేలా నిలబడి, గీత మీద మన తల నీడ పడే చోటు పక్కనే చూడాలి. పూసలు సరిగ్గా కూర్చుంటే అక్కడ గీత చుట్టుపక్కల కంటే మెరుస్తుంది, ఎందుకంటే సూర్యుడి వెలుగు వచ్చిన దారినే మన కంటికి తిరిగొస్తోంది. పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. గీత మీద మెరుపు ఒకవైపే ఉండి రెండోవైపు లేకపోతే గన్ పక్కకు జరిగిందని అప్పటికప్పుడే తెలుస్తుంది, కిలోమీటర్ల కొద్దీ పాడవకముందే సరిచేసుకోవచ్చు. ఇంత సులువైన పరీక్ష చేయకుండా వదిలేసిన పనులు చూసినప్పుడు నాకు నిజంగా బాధ వేస్తుంది.

గీత అనే ఆలోచననే పక్కన పెట్టి వేరే దారి వెతికినవాళ్లూ ఉన్నారు. ఇంగ్లండ్‌లో పెర్సీ షా 1934లో పేటెంట్ తీసుకున్న క్యాట్ ఐ వాటిలో ముఖ్యమైనది. రోడ్డులో పాతే రబ్బరు దిమ్మలో గాజు కళ్లు, టైరు ఎక్కినప్పుడు దిమ్మ కిందికి నొక్కుకుపోయి, అందులో చేరిన వాన నీటితో కళ్లను తుడుస్తుంది. టైరునూ వాననూ ఓర్చుకోవడం కాకుండా వాటినే పనిలో పెట్టుకున్న డిజైన్ ఇది, తొంభై ఏళ్ల తర్వాత కూడా నాకు దానిమీద గౌరవం తగ్గలేదు. కాలిఫోర్నియాలో రసాయన శాస్త్రవేత్త ఎల్బర్ట్ బాట్స్ పేరుమీద వచ్చిన గుండ్రటి బుడిపెలది ఇంకో కథ. మొదట్లో మేకులతో బిగించి చూస్తే అవి ఊడివచ్చి టైర్లకు గుచ్చుకునేవి, ఎపాక్సీ జిగురు వచ్చాకే ఆ బుడిపెలు నిలిచాయి. అక్కడ కూడా సమస్య తీరింది బుడిపె గట్టిదనంతో కాదు, జిగురుతో. 2017లో ఆ రాష్ట్రం కొత్తవి పెట్టడం ఆపేసి వెడల్పాటి గీతల వైపు వెళ్లింది.

పెయింట్ల సంగతికి వస్తే, వాటిలో మార్పులను నడిపించింది మన్నిక కంటే ఆరే సమయం, పనివాళ్ల ఆరోగ్యం. నూనె పెయింట్ల తర్వాత ఆల్కిడ్ రెజిన్‌లు, క్లోరినేటెడ్ రబ్బరు పెయింట్లు వచ్చాయి, వాటిని పలచగా ఉంచే ద్రవం, అంటే సాల్వెంట్, ఆవిరైపోతూ త్వరగా ఆరేవి. ఆ ఆవిరంతా వేసేవాడి ఊపిరితిత్తుల్లోకీ, గాలిలోకీ వెళ్లేది. పసుపు గీతల్లో రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపేవారు, ఎండకు వెలవదు, చవక, కానీ అందులో సీసమూ క్రోమియమూ రెండూ ఉన్నాయి. చాలా దేశాలు దాన్ని వదిలి సేంద్రియ పసుపు రంగులకు మారాయి. సాల్వెంట్ ఆవిర్ల మీద 1990ల చివర్లో అమెరికా లీటరుకు 150 గ్రాముల పరిమితి పెట్టాక నీటి ఆధారిత అక్రిలిక్ పెయింట్ల దారి ఇంకా తెరుచుకుంది.

నీటి పెయింట్ అనగానే మెల్లగా ఆరుతుందనుకుంటాం. ఇక్కడ రసాయన శాస్త్రం ఒక అందమైన పని చేసింది. డబ్బాలో ఉన్నప్పుడు అమోనియా ఆ పెయింట్‌ను క్షారంగా ఉంచుతుంది, అలా ఉన్నంతసేపూ అక్రిలిక్ రేణువులూ వాటితో కలిపిన అమైన్ పాలిమరూ ఒకదాని జోలికి ఒకటి పోవు. రోడ్డు మీద పడగానే అమోనియా ఎగిరిపోతుంది, క్షారగుణం తగ్గుతుంది, అమైన్ పాలిమర్‌కు ధన ఆవేశం వచ్చి రుణ ఆవేశమున్న రేణువులను దగ్గరకు లాగేస్తుంది. నీరంతా ఆవిరి కాకముందే పొర గట్టిపడటం మొదలవుతుంది, కొద్ది నిమిషాల్లో బండ్లు వదలొచ్చు. కానీ గాలిలో తేమ బాగా ఎక్కువుంటే, చలిగా ఉంటే ఇదే పెయింట్ గంటలకొద్దీ ఆరదు, ఆలోగా జల్లు పడితే కరిగి కాలువలోకి పోతుంది. మళ్లీ అదే మాట, ఏ రోజు వేశామన్నదే పెద్ద విషయం.

ఇక థర్మోప్లాస్టిక్. ప్రపంచంలో చాలా రోడ్ల మీద ఇప్పుడు మందంగా, కాస్త ఎత్తుగా కనిపించే తెల్ల గీతలు ఇవే. ఇందులో సాల్వెంటూ లేదు, నీరూ లేదు. పొడిగానో గడ్డలుగానో బస్తాల్లో వస్తుంది, పెద్ద కాగులాంటి కెటిల్‌లో 180 నుంచి 220 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, కరిగించి, రోడ్డు మీద 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల మందంతో పరుస్తారు, చల్లబడితే గట్టిపడుతుంది. బస్తా విప్పి చూస్తే మనం మన్నిక అని పిలిచేదాన్ని ఇచ్చే బైండర్, అంటే అన్నిటినీ కలిపి పట్టి ఉంచే జిగురు, అందులో ఐదో వంతు దగ్గరే ఉంటుంది, మిగిలింది గాజు పూసలు, తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్, సున్నపురాతి పొడి. పూసలు లోపల కూడా కలిపి ఉంటాయి కాబట్టి పై పొర అరిగేకొద్దీ కొత్త పూసలు బయటపడతాయి. ఆలోచన నిజంగా గొప్పది. కానీ లోపలి పూసలు బయటపడటానికి కొంతకాలం పడుతుంది, మొదటి రోజు నుంచి రాత్రి కనబడాలంటే వేడి గీత మీద పైనుంచి కూడా పూసలు చల్లాలి. ఆ చల్లడం దగ్గరే చాలామంది చెయ్యి బిగిస్తారు. లోపల ఎలాగూ ఉన్నాయి కదా అని.

బైండర్లలో రెండు ప్రధాన రకాలున్నాయి. ఒకటి పెట్రోలియం నుంచి వచ్చే హైడ్రోకార్బన్ రెజిన్, రెండోది పైన్ చెట్ల జిగురు నుంచి చేసే రోజిన్ ఎస్టర్, దీన్నే ఆల్కిడ్ థర్మోప్లాస్టిక్ అంటారు. రోడ్డు మీద కారే నూనెను రెండోది బాగా తట్టుకుంటుంది, కానీ వేడికి సున్నితం, ఎక్కువ కాచినా పదేపదే కాచినా రంగు మారి గోధుమ రంగుకు తిరుగుతుంది, పెళుసుగా అవుతుంది. ఒక కెటిల్‌లో ఒక రకం మిగిలి ఉండగా రెండోది పోస్తే సరిగ్గా కలవదు. కెటిల్ కడగడం అనే విసుగు పని మీద కొన్ని కిలోమీటర్ల గీతల ఆయుష్షు ఆధారపడి ఉంటుంది.

అతుక్కోవడం ఇంకా ముఖ్యం. తారు రోడ్డు మీద థర్మోప్లాస్టిక్ వేడికి పైపొర తారు కరిగి రెండూ కలిసిపోతాయి, అది ఒకరకమైన వెల్డింగ్. సరిగ్గా అతికిందో లేదో చూడాలంటే ఉలి పెట్టి ఒక ముక్క లేపాలి, దాని అడుగున తారూ కంకరా అంటుకుని వస్తే అతికినట్టు, శుభ్రంగా బిళ్లలా ఊడివస్తే ఆ గీత ఎక్కువ రోజులుండదు. కాంక్రీటు కరగదు, అక్కడ గీత అతుక్కోవడానికి ముందుగా పూసే ప్రైమర్ లేకుండా వేస్తే ఏదో ఒక రోజు పెద్ద పెద్ద పలకలుగా లేస్తుంది. కొత్త కాంక్రీటు మీద నీరు ఆరకుండా వేసే క్యూరింగ్ పొర ఉంటుంది, దాన్ని గీకకుండా వేసినా అంతే. తేమ ఉంటే 200 డిగ్రీల సరుకు తగలగానే ఆవిరై గీతలోంచి బుడగలుగా బయటికి వస్తుంది, దగ్గరగా చూస్తే సూది గుచ్చినట్టు రంధ్రాలు కనిపిస్తాయి. రోడ్డు పొడిగా కనిపించినా లోపల తడి ఉండొచ్చు కాబట్టి ఒక ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు అంచులా టేపు వేసి అతికించి పావుగంటో ఇరవై నిమిషాలో ఆగి కింద చెమ్మ పట్టిందేమో చూడాలి. ఆ ఇరవై నిమిషాలు ఆగడం ఎంత కష్టమో పని దగ్గర నిలబడితే తెలుస్తుంది. కెటిల్ కాగుతూ ఉంటుంది, ట్రాఫిక్ ఆపి ఉంటుంది, తెల్లారేలోపు రోడ్డు వదలాలి, సూపర్‌వైజర్‌కు ఫోన్ల మీద ఫోన్లు. నేను చూసిన పనుల్లో గీత పాడవడానికి కారణం నాసిరకం సరుకు కంటే ఈ టెన్షనే ఎక్కువసార్లు.

మిగతా మెటీరియల్స్ గురించి త్వరగా చెప్పేస్తాను. ఎపాక్సీ, పాలీయూరియా, మిథైల్ మెథాక్రిలేట్ ఇవన్నీ రెండు భాగాలుగా వచ్చి కలిపాక రసాయన చర్యతో గట్టిపడేవి. మూడోదాన్ని కోల్డ్ ప్లాస్టిక్ అంటారు, పెరాక్సైడ్ కలిపితే చలిలో కూడా గట్టిపడుతుంది, యూరప్‌లో బాగా వాడతారు, చాలా ఏళ్లు నిలుస్తుంది. నిష్పత్తి తప్పితే మాత్రం మెత్తగా ఉండిపోయి నల్లగా మురికి పట్టేస్తుంది. ఫ్యాక్టరీలో తయారై వచ్చి, గీతలా రోడ్డుకు అతికించే టేపుల్లో పూసల లోతు ముందే సరిచేసి ఉంటుంది, అందుకే అవి అంత ఖరీదు. వాటిని కొత్త తారు ఇంకా వేడిగా ఉండగానే రోలర్‌తో లోపలికి అదిమితే రోడ్డుతో సమానంగా కూర్చుంటాయి. మంచు పడే దేశాల్లో మంచును తోసే లారీల బ్లేడు ఎత్తుగా ఉన్న దేన్నయినా గీకేస్తుంది, అక్కడ రోడ్డులో సన్నటి గాడి కోసి గీతను ఆ గాడిలో దించుతారు. ఆ గాడి వల్ల మామూలు సరుకు కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. సరుకు మార్చకుండా చోటు మార్చి ఆయుష్షు పెంచడం అంటే ఇది.

వాన రాత్రి విషయానికి వస్తే, మన్నిక గురించిన మాటలన్నిటికీ అసలు పరీక్ష అదే. మామూలు గాజు పూస వక్రీభవన గుణకం, అంటే వెలుగును ఎంత వంచగలదో చెప్పే అంకె, సుమారు 1.5. గాలిలోంచి వచ్చే కిరణాన్ని అది చాలినంత వంచుతుంది. నీటి గుణకం 1.33. పూస మీద నీటి పొర నిలిస్తే రెండిటి మధ్య తేడా తగ్గిపోతుంది, కిరణం సరిగ్గా వంగదు, పైగా ఆ నీటి పొర అద్దంలా పనిచేసి ఎదుటి బండి వెలుగును మన కళ్లలో కొడుతుంది. గీత ఎక్కడికీ పోలేదు, పెయింట్ అరగలేదు, పూసలూ ఉన్నాయి, అయినా గీత కనిపించదు, అదీ సరిగ్గా మనకు అవసరమైన గడియలో. దీనికి రెండు జవాబులున్నాయి. ఒకటి గీతకు ఎత్తుపల్లాలు ఇవ్వడం, అడ్డంగా చిన్న గట్లు వేయడం, లేదా కోల్డ్ ప్లాస్టిక్‌ను చుక్కలు చుక్కలుగా చిలకరించడం, నీరు పల్లాల్లోకి దిగిపోయి గట్ల మీది పూసలు తేలి ఉంటాయి. రెండోది గుణకం 2.4 దాకా ఉండే సిరామిక్ పూసలు వాడటం, 2.4ను 1.33తో భాగిస్తే 1.8 వస్తుంది, అంటే నీళ్లలో మునిగి ఉన్నా అది కిరణాన్ని బాగానే వంచగలదు. ఈ లెక్క మొదటిసారి అర్థమైనప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది, ఇప్పటికీ ఎవరికైనా చెప్పాలనిపిస్తుంది.

గీత నుంచి ఎంత వెలుగు తిరిగొస్తోందో కొలిచే పరికరాలున్నాయి. డ్రైవరు 30 మీటర్ల ముందున్న గీతను చూస్తున్నట్టు కోణాలు సరిచేసి, లక్స్‌కు చదరపు మీటరుకు ఎన్ని మిల్లీక్యాండెలాలో చెబుతాయి. కొత్తగా బాగా వేసిన తెల్ల గీత 300 దాటుతుంది. 2022లో అమెరికా సమాఖ్య హైవే విభాగం మొదటిసారిగా, గంటకు 35 మైళ్లు ఆపైన వేగపరిమితి ఉన్న రోడ్ల మీద రాత్రి అవసరమైన గీతలు 50కి తగ్గకుండా చూసుకోవాలని నియమం పెట్టింది, 70 మైళ్లు ఆపైన ఉన్నచోట 100 ఉండాలని సూచించింది. మెక్‌కారోల్ గీత గీసిన నూటఐదేళ్లకు! యూరప్ ప్రమాణం తడిని కూడా కొలుస్తుంది, గీత మీద నీళ్లు పోసి ఒక నిమిషం ఆగి పరికరం పెడతారు. నాకు అది చాలా నిజాయితీగల పరీక్షగా అనిపిస్తుంది. ఆ పరికరానికి తోడు ఒక బకెట్టూ ఒక వాచీ ఉంటే చాలు, మన గీత దేనికి పనికొస్తుందో తేలిపోతుంది.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లు ల్యాబ్ పరీక్షలు చూపిస్తారు. అవి మంచి పరీక్షలే. జర్మనీ సమాఖ్య రోడ్డు పరిశోధన సంస్థ బాస్ట్‌లో గుండ్రంగా తిరిగే యంత్రం మీద నమూనా గీతలను అమర్చి, నిజమైన టైర్లతో లక్షల సార్లు తొక్కిస్తారు, 40 లక్షల తొక్కుళ్లు తట్టుకునేవాటికి పై తరగతి ఇస్తారు. అమెరికాలో నిజం రోడ్ల మీదే గీతలను అడ్డంగా వేసి ప్రతి టైరూ తొక్కేలా చేసి చూస్తారు. వీటివల్ల చెత్త సరుకు బయటే ఆగిపోతుంది, అందుకు నేనూ సంతోషిస్తాను. కానీ ఆ నమూనా వేసింది ఎవరు? అనుభవమున్న చెయ్యి, శుభ్రమైన ఉపరితలం, సరైన ఉష్ణోగ్రత, ఎవరూ తొందరపెట్టని రోజు. ఆ పరీక్ష సరుకు ఎంతవరకు వెళ్లగలదో చెబుతుంది. రాత్రి రెండు గంటలకు, వాన వెలిసిన గంటకు, బకాయిలున్న కాంట్రాక్టరు మనుషులు వేసిన గీత ఎంతవరకు వెళ్తుందో చెప్పదు.

ఇంకో అభ్యంతరం ఖర్చు. తక్కువ బండ్లు తిరిగే రోడ్డుకు చవక పెయింట్ వేసి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ వేసుకోవడమే మేలంటారు. ఒప్పుకుంటాను, పూర్తిగా. పైగా ఎక్కువ కాలం నిలిచేవన్నీ మంచివే అనుకోవడం కూడా పొరపాటు. మందపు గీత మీద మందపు గీత వేస్తూ పోతే అది గట్టుగా మారి నీటిని ఆపుతుంది, నున్నగా ఉంటే తడిలో టూవీలర్ టైరు జారుతుంది. గరుకుదనం కోసం గట్టి రాతి రేణువులు కలపాలి, అవి కలిపితే మెరుపు కాస్త తగ్గుతుంది, ఈ రెండిటి మధ్య బేరం ఎప్పుడూ ఉండేదే. లేన్లు మార్చినప్పుడు ఆ గట్టి గీతను తీయడం నరకం. గ్రైండర్‌తో గీకితే రోడ్డు మీద గాయంలా చార మిగులుతుంది, వానలోనో సాయంత్రపు ఎండలోనో అదే అసలు గీతలా కనిపించి డ్రైవర్లను పక్క లేన్‌లోకి లాగుతుంది. నల్ల పెయింట్ కప్పితే అది ఎండకు మెరిసి ఇంకా మోసం చేస్తుంది. ఎక్కువ ఒత్తిడితో నీటిని కొట్టి తీయడం వీటికంటే మెరుగు.

కొత్త వింతల మీద మనకున్న మోజుకు చీకట్లో తమంతట తామే వెలిగే గీతలు మంచి ఉదాహరణ. 2014లో నెదర్లాండ్స్‌లోని ఓస్ దగ్గర డిజైనర్ డాన్ రోసెగార్డ్, హైమన్స్ నిర్మాణ సంస్థ కలిసి పగటి వెలుగును దాచుకుని రాత్రి ఆకుపచ్చగా వెలిగే గీతలు వేశారు, ప్రపంచమంతా ఫోటోలు తిరిగాయి, తేమ తగిలి వెలుగు తగ్గిపోయింది. 2023లో మలేసియాలో సెమెన్యిహ్ దగ్గర ఇలాంటిదే 245 మీటర్ల మేర ప్రయత్నించారు, మామూలు గీత కంటే చదరపు మీటరుకు దాదాపు 19 రెట్లు ఖర్చు, మరుసటి ఏడాదికల్లా ఆ ఆలోచన ఆగింది. ప్రయోగం చేయడం తప్పని నేను అనను. వీధిదీపాలు లేని చోట దానికి పనుండొచ్చు. అయితే బయట ప్రపంచానికి గీతల గురించి వార్త చేరింది అప్పుడే. పూసల గన్ కోణం సరిచేసిన ఆపరేటర్ గురించి ఎవరూ రాయలేదు.

ఇప్పుడు కార్లలో లేన్ చూసే కెమెరాలు వచ్చాక ఈ విషయం మీద కొత్తగా ఆసక్తి పెరిగింది. గీతను 10 సెంటీమీటర్ల నుంచి 15కు వెడల్పు చేస్తున్నారు, తెల్లటి కాంక్రీటు మీద తెల్ల గీత తేలడం లేదని పక్కన నల్ల అంచు వేస్తున్నారు. మంచిదే. కెమెరాకు బాగా కనిపించే గీత ముసలి కళ్లకు కూడా బాగా కనిపిస్తుంది. వృద్ధ డ్రైవర్లు ఇన్నాళ్లూ అడిగినది ఇదే అయినా, కదలిక రావడానికి కారు కంపెనీలు అడగాల్సి వచ్చింది.

నేను కోరేది పెద్దదేమీ కాదు. టెండరులో సరుకు పేరు, మందం, కిలోల లెక్కతో ఆపకుండా, రెండో ఏడాది చివర్లో ఒక తడి కొలత, ఒక పొడి కొలత రాయండి, ఆ అంకె రాకపోతే మళ్లీ వేయాల్సిన బాధ్యత వేసినవాడిదే అనండి. అలా రాసిన రోజు కాంట్రాక్టరు తనంతట తానే ఆ ప్లాస్టిక్ షీటు పరుస్తాడు, ఇరవై నిమిషాలు ఆగుతాడు, కెటిల్ థర్మామీటరు పాడైతే కొత్తది కొంటాడు. అదే ఒప్పందంలో పని గంటలు కూడా పెంచాలి. తేమ ఉంటే పని ఆపే అధికారం అక్కడున్న ఆపరేటర్‌కు ఇవ్వాలి, ఆపినందుకు అతని కూలి కోయకూడదు. ఈ రెండోది లేకుండా మొదటిది పెడితే ఒత్తిడంతా మళ్లీ కెటిల్ దగ్గర నిలబడ్డ మనిషి మీదే పడుతుంది, గీత మళ్లీ తడి రోడ్డు మీదే పడుతుంది.